ఖాళీ లేని గదులు
లండన్‌లో పశ్చిమాఫ్రికా విద్యార్థి జీవితం: 1922–1947

1

ఆఫ్రికా విముక్తి చరిత్రను సాధారణంగా జెండాల దగ్గర్నుంచి మొదలుపెట్టి చెబుతారు. 1957 మార్చి 6న అక్రాలో బ్రిటిష్ జెండా దిగి ఘనా జెండా ఎగిరింది. 1960లో నైజీరియా, 1961లో సియెర్రా లియోన్, 1963లో కెన్యా. ఈ తేదీలు అవసరమే. కాని ఆ జెండాల కింద నిలబడి ఉపన్యసించిన వాళ్ళలో కొందరు అంతకు కొన్నేళ్ళ ముందు లండన్ వీధుల్లో అద్దెగది కోసం గుమ్మం గుమ్మం తిరిగిన విద్యార్థులు. ఆ గుమ్మాల చరిత్ర పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కలేదు.

సాహిత్య విద్యార్థులకు ఈ చరిత్రతో పనేమిటని అడగవచ్చు. నల్లజాతి సాహిత్యం గురించి మన పత్రికల్లో వ్యాసాలు చాలా వచ్చాయి. ఆగ్రహం, ఆవేదన, మూలాల అన్వేషణ అనే మాటలు వాటిల్లో తరచుగా కనిపిస్తాయి. ఆ ఆగ్రహం ఏ గదిలో పుట్టింది, ఆ గదికి అద్దె ఎవరిచ్చారు, చలికాలంలో పొయ్యిలోకి బొగ్గు ఎక్కడ్నించి వచ్చింది అని మాత్రం మనం అడగం. మనిషి చైతన్యాన్ని అతని భౌతిక జీవితం నిర్ణయిస్తుందని సభల్లో చెప్పే మనం, తీరా ఒక విద్యార్థి రోజువారీ బతుకును పరిశీలించవలసి వచ్చేసరికి భావవాదులమైపోతాం.

ఇంకొక ప్రశ్న కూడా ఉంది. అవమానం పడ్డవాడు ఆ కారణంగానే, తనంతట తానే, అవమానాలకు వ్యతిరేకంగా నిలబడతాడా? అనుభవించిన వాడికే అన్నీ అర్థమవుతాయన్న మాట మన సాహిత్య చర్చల్లో బాగా చెలామణీలో ఉంది. లండన్‌లోని పశ్చిమాఫ్రికా విద్యార్థుల చరిత్ర ఆ మాటలో సగమే నిజమని చెబుతుంది. తక్కిన సగం ఏమిటో చూడాలంటే వాళ్ళ వెంట కొంతదూరం నడవాలి. ఆ నడక చివరికి మన వీధికి, మన ఇళ్ళ ముందు వేలాడే టు-లెట్ బోర్డు దగ్గరికి వస్తుంది.

2

అసలు వాళ్ళు లండన్ ఎందుకు వెళ్ళారు? బ్రిటన్ తన పశ్చిమాఫ్రికా వలసల్లో పన్నులు వసూలు చేసుకుంది, కోకో, పామాయిలు, బంగారం పట్టుకుపోయింది. ఉన్నత విద్య మాత్రం పెట్టలేదు. సియెర్రా లియోన్‌లో 1827లో మిషనరీలు పెట్టిన ఫూరా బే కళాశాల ఒక్కటే చాలాకాలం దిక్కు. న్యాయవాది కావాలన్నా వైద్యుడు కావాలన్నా ఓడ ఎక్కవలసిందే. అందుకని వర్తకుల పిల్లలు, గుమాస్తాల పిల్లలు, పాస్టర్ల పిల్లలు, నాయకుల కుటుంబాల వాళ్ళు, కుటుంబమంతా కలిసి కూడబెట్టిన డబ్బుతో లివర్‌పూల్ రేవులో దిగి లండన్ రైలెక్కేవాళ్ళు. వాళ్ళు కటిక పేదలు కారన్నది గుర్తుంచుకోవాలి. ఊళ్ళో ఉండగా తాము చక్రవర్తి ప్రజలమని నమ్మినవాళ్ళు. ఇంగ్లీషు పాఠాలు వల్లించి, ఇంగ్లీషు పేర్లు పెట్టుకుని, ఇంగ్లీషు దుస్తుల్లో చర్చికి వెళ్ళిన వర్గం.

ఆ నమ్మకం మీద మొదటి దెబ్బ అద్దె ఇంటి గుమ్మంలోనే పడింది. పశ్చిమాఫ్రికా తీరంలో జాన్సన్, థామస్, డేవిస్ లాంటి ఇంటిపేర్లు మామూలు. ఉత్తరం మీద పేరు చూసి గది ఉందని రాసిన ఇంటావిడ, మనిషి వచ్చి తలుపు తట్టాక మొహం చూసి, ఇప్పుడే ఎవరో తీసేసుకున్నారనేది. ఇంకొకావిడ, నాకేం అభ్యంతరం లేదు గాని మిగతా అద్దెవాళ్ళు వెళ్ళిపోతారనేది. ఈ వ్యవహారానికంతా ఇంగ్లండులో ఒక పేరుంది: ‘కలర్ బార్’. అంటే ఒంటి రంగును బట్టి గుమ్మంలో పెట్టే అడ్డుకర్ర. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో లాగ ఇంగ్లండులో ఇది చట్టంలో రాసిలేదు. రాసి లేదు కాబట్టి ఎదిరించడానికీ ఏదీ చేతికి చిక్కేది కాదు. ప్రతి ఇంటావిడా తాను మంచిదాన్నేనని, అభ్యంతరమల్లా పక్కవాళ్ళదని చెప్పేది.

ఇది విద్యార్థుల ఊహ కాదు. హెరాల్డ్ మూడీ అనే జమైకా యువకుడు 1904లో వైద్యం చదవడానికి లండన్ వచ్చి గది కోసం తిరిగి తిరిగి అలిసిపోయాడు. మంచి మార్కులతో డాక్టరైన తర్వాత కూడా రంగు కారణంగా ఆసుపత్రి ఉద్యోగం అతనికి దక్కలేదు. 1929లో ప్రపంచ ప్రఖ్యాత గాయకుడు పాల్ రాబ్సన్‌ని లండన్ సవాయ్ హోటల్ భోజనశాలలోకి రానివ్వలేదు. 1943లో వెస్టిండీస్ క్రికెట్ వీరుడు లియరీ కాన్‌స్టంటైన్ ముందుగా గదులు ఖాయం చేసుకుని కుటుంబంతో ఇంపీరియల్ హోటల్‌కి వెళితే, ఒక్క రాత్రి మాత్రమే ఉండనిస్తామన్నారు. ఆయన కోర్టుకెక్కి 1944లో గెలిచాడు. నష్టపరిహారం 5 గినీలు. అంతటివాళ్ళకే ఇలా జరిగితే లేగోస్ నుంచి వచ్చిన పేరులేని విద్యార్థి సంగతి చెప్పేదేముంది? 1965లో బ్రిటన్ చేసిన మొదటి జాతి వివక్ష నిషేధ చట్టం కూడా అద్దె ఇళ్ళ జోలికి పోలేదు. 1968లో గాని ఇల్లు ఇవ్వననడం చట్టవిరుద్ధం కాలేదు.

దొరికిన గదిలో బతుకెలా ఉండేది? గ్యాసు పొయ్యికి మీటరు ఉండేది. నాణెం వేస్తే వేడి వచ్చేది, నాణెం అయిపోతే ఆగిపోయేది. ఇంటినుంచి డబ్బు రావడం ఆలస్యమైతే ఓవర్‌కోటు కప్పుకుని పుస్తకం చదవాలి. ఉప్పూ కారం లేని ఉడికిన కూరలు. ఇంటావిడ వంటింట్లో తన వంట తాను వండుకోనివ్వదు, వాసన అంటుంది. ఇందులో విచిత్రమొకటి ఉంది. లండన్‌లో బారిస్టరు కావాలంటే పరీక్షలు పాసైతే చాలదు. న్యాయవిద్యా సంఘాల భోజనశాలలో ప్రతి టర్ములోనూ నిర్ణీత సంఖ్యలో విందులు తినాలన్నది నిబంధన. నల్ల గౌను వేసుకుని, వందల ఏళ్ళనాటి చెక్కబల్లల ముందు, కాబోయే న్యాయమూర్తుల పక్కన కూర్చుని ఆఫ్రికా విద్యార్థి భోజనం చేసేవాడు. ఆ రాత్రికే అతన్ని గది ఖాళీ చేయమని ఇంటావిడ చెప్పవచ్చు. సామ్రాజ్యం అతన్ని బల్ల దగ్గరికి పిలిచింది, పడుకోవడానికి చోటివ్వలేదు. ఈ వైరుధ్యాన్ని వాళ్ళు పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. దానిలోనే బతికారు.

3

1922లో లాడిపో సోలాంకె అనే యొరుబా యువకుడు న్యాయశాస్త్రం చదవడానికి లండన్ వచ్చాడు. నైజీరియాలోని అబెవోకుటా అతని ఊరు. ఫూరా బేలో చదువుకున్నవాడు. 1924లో లండన్ శివారు వెంబ్లీలో బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన జరిగింది. అందులో పశ్చిమాఫ్రికా విభాగం కోసం ఒక ఊరే కట్టి, మనుషుల్ని తెచ్చి కూర్చోబెట్టి, చూడవచ్చిన వాళ్ళకి చూపించారు. ఆ సందర్భంలో లండన్ పత్రికలు నైజీరియా వాళ్ళు నరమాంసం తింటారని, క్షుద్ర విద్యలు చేస్తారని రాశాయి. సోలాంకె వాటిని ఖండిస్తూ రాశాడు. ఈ రాతల వల్ల లండన్‌లోని ఆఫ్రికన్లకు నేరుగా హాని జరుగుతుందని అతని వాదం. ఎందుకు? పొద్దున పత్రిక చదివిన ఇంటావిడే సాయంత్రం తలుపు తీస్తుంది కనుక. పత్రికలో అచ్చయిన అబద్ధానికీ మొహం మీద వేసిన తలుపుకీ ఉన్న సంబంధాన్ని అతను పట్టుకున్నాడు. సాహిత్య విమర్శకులు దీన్ని ఇంకొంచెం శ్రద్ధగా గమనించాలి. ఒక జాతిని గురించి అల్లిన కథలు ఆ జాతి మనిషికి గది దొరుకుతుందా లేదా అన్నది నిర్ణయిస్తాయి. ప్రాతినిధ్యం అని మనం పెద్ద మాటతో చెప్పుకునేది అతనికి ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలన్న సమస్య.

ఆ ఏడే మార్కస్ గార్వే మొదటి భార్య, తనకు తానుగా గొప్ప సంఘజీవి అయిన ఏమీ ఆష్‌వుడ్ గార్వే తోడ్పాటుతో అతను నైజీరియన్ ప్రోగ్రెస్ యూనియన్ స్థాపించాడు. 1925 ఆగస్టు 7న సియెర్రా లియోన్ డాక్టరు బంకోలే బ్రైట్ ప్రోత్సాహంతో నాలుగు బ్రిటిష్ పశ్చిమాఫ్రికా దేశాల విద్యార్థులూ కలిసి పశ్చిమాఫ్రికా విద్యార్థి సంఘం ఏర్పరుచుకున్నారు. దాని ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపితే ‘వాసు’ అవుతుంది. మన చెవికి ఎవరో కుర్రాడి పేరులా వినిపించే ఈ మాటకి యొరుబాలో ప్రబోధమని అర్థం. 1926 నుంచి అదే పేరుతో పత్రిక నడిపారు. గోల్డ్‌కోస్టు నుంచి వచ్చి న్యాయశాస్త్రం, తత్వశాస్త్రం చదువుతున్న జె.బి. డాంక్వా తొలినాటి నాయకుల్లో ఒకడు. ఈ పేరు గుర్తు పెట్టుకోమని పాఠకులను కోరుతున్నాను.

ఇక్కడ ఒక వర్గ పరిమితిని కూడా చెప్పుకోవాలి. అదే 1925లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. రంగుజాతి నావికులు తాము బ్రిటిష్ ప్రజలమని కాగితాలతో రుజువు చేసుకోలేకపోతే విదేశీయులుగా పోలీసుల దగ్గర నమోదు కావాలి. కార్డిఫ్, లివర్‌పూల్ రేవుల్లోని ఆఫ్రికన్, అరబ్, భారతీయ నావికుల మెడకి అది ఉరి అయింది. అంతకు ఆరేళ్ళ ముందు, 1919లో, ఆ రేవుల్లోనే తెల్ల గుంపులు నల్ల నావికుల మీద పడి కొట్టాయి. లివర్‌పూల్‌లో ఒకతన్ని తరిమి నీళ్ళలో పడి చచ్చేదాకా వదల్లేదు. విద్యార్థిని మొహం చూసి పొమ్మన్న సమాజమే నావికుణ్ణి తరిమింది. కాని విద్యార్థుల్లో చాలామంది తమను నావికులతో కలిపి చూడటమే అవమానమనుకున్నారు. మేం చదువుకున్నవాళ్ళం, మంచి కుటుంబాల వాళ్ళం, మాకెందుకు గదివ్వరన్నది వాళ్ళ తొలి ఫిర్యాదు. ఎవరికైనా గది ఎందుకివ్వరని అడగడానికి కొంతకాలం పట్టింది. అనుభవం ఒక్కటే చాలదనడానికి ఇది మొదటి సాక్ష్యం.

4

ఫిర్యాదు నుంచి వాళ్ళు నిర్మాణానికి వచ్చారు. గదులివ్వకపోతే మన ఇల్లు మనమే పెట్టుకుందామనుకున్నారు. 1928లో మార్కస్ గార్వే వెస్ట్ కెన్సింగ్టన్‌లో తన అధీనంలో ఉన్న ఒక ఇంటిని సంఘానికి అప్పగించాడు. అది ఎక్కువకాలం నిలవలేదు. 1929లో సోలాంకె ఓడెక్కి పశ్చిమాఫ్రికా అంతా తిరిగాడు. 1932 దాకా ఊరూరా సభలు పెట్టి, శాఖలు స్థాపించి, చందాలు పోగుచేశాడు. రాజులూ ఇచ్చారు, వర్తకులూ ఇచ్చారు, ఉద్యోగులూ ఇచ్చారు. ఎక్కడో లండన్‌లో ఒక ఇల్లు కోసం లేగోస్‌లో, అక్రాలో, ఫ్రీటౌన్‌లో జోలె పట్టడం మామూలు సంగతి కాదు. 1933లో ఉత్తర లండన్‌లోని 62 కామ్‌డెన్ రోడ్డులో వాసు హాస్టలు తెరుచుకుంది.

ఆ పర్యటనలో పరిచయమై అతన్ని పెళ్ళి చేసుకున్న ఓపెయోలు లండన్ వచ్చి ఆ హాస్టలు బాధ్యత నెత్తికెత్తుకుంది. చరిత్రకారులు సోలాంకె పేరు రాసినంత తేలిగ్గా ఆమె పేరు రాయరు. కాని ఇల్లు అంటే చందాల జాబితా కాదు గదా. చలిలో పరీక్ష రాసివచ్చిన కుర్రాడికి తన దేశపు వంట వాసన తగలడం, తన భాషలో పలకరింపు వినపడటం ఆ ఇల్లిచ్చిన మొదటి విముక్తి. ఇలాంటి పనే ఏమీ ఆష్‌వుడ్ గార్వే ఆ దశాబ్దంలో నగరం నడిబొడ్డున భోజనశాల నడిపి చేసింది. కరీబియన్, ఆఫ్రికన్ మేధావులు అక్కడ అన్నం తింటూ సామ్రాజ్యాన్ని కూలదోసే మార్గాలు చర్చించుకున్నారు. స్త్రీలు నడిపిన వంటిళ్ళు లేకపోతే ఆ ఉద్యమానికి కూర్చునే చోటుండేది కాదు.

ప్రభుత్వం ఇది చూస్తూ ఊరుకోలేదు. 1934లో వలసల మంత్రిత్వశాఖ అండతో ఆగ్రీ హౌస్ అనే మరో విద్యార్థి గృహం వెలిసింది. తెలుపూ నలుపూ మెట్లు రెండూ కలిస్తేనే పియానోలో సంగీతం పలుకుతుందని చెప్పిన గోల్డ్‌కోస్టు విద్యావేత్త ఆగ్రీ పేరు దానికి పెట్టారు. పేరు మంచిదే. ఉద్దేశం వేరు: విద్యార్థులు అతివాదుల చేతుల్లో పడకుండా కనిపెట్టి ఉండటం. వాసు దాన్ని బహిష్కరించింది. సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘాలు, వామపక్షీయులు వాసుకి అండగా నిలిచారు. 1904లో గదికోసం తిరిగిన డాక్టరు మూడీ ఇప్పుడు రంగుజాతుల లీగు నాయకుడు. ఆయన ప్రభుత్వం పక్షాన ఉన్నాడు. ఒకే అవమానం పడ్డ ఇద్దరు మనుషులు రెండు దారుల్లో నడిచారు. మూడీ తెల్లవాడి మనస్సాక్షికి విజ్ఞప్తి చేశాడు. సోలాంకె సొంత ఇల్లు కట్టాడు. మూడీ నిజాయితీని నేను శంకించడంలేదు. ఆయన తన ఇంటి తలుపులు ఎందరికో తెరిచాడు. జమైకా కవయిత్రి ఊనా మార్సన్ 1932లో లండన్ వచ్చి తలదాచుకున్నది ఆయన ఇంట్లోనే; అక్కడినుంచే ఆమె లీగు పత్రికకీ నాటకానికీ పనిచేసింది. తేడా మనుషుల మంచితనంలో లేదు. ఎవరి మీద ఆధారపడ్డారన్నదాంట్లో ఉంది.

వాసు చరిత్రను కూడా మనం నిష్కళంకంగా చిత్రించుకోనక్కర్లేదు. ఇంటి ఖర్చులు భరించలేక 1930ల చివర్లో అది కూడా వలస ప్రభుత్వపు గ్రాంటు తీసుకుంది. డబ్బు తీసుకుంటూనే ప్రభుత్వాన్ని విమర్శించింది. నాలుగు గోడలకి అద్దె కట్టక తప్పదన్న నిజం సిద్ధాంతాలకీ వర్తిస్తుంది.

ఈ ఇంటి పరిసరాల్లో మనవాళ్ళూ ఉన్నారు. ఇండియా లీగు నాయకుడు వి.కె. కృష్ణమీనన్ 1934 నుంచి 1947 దాకా అదే సెయింట్ పాంక్రాస్ ప్రాంతానికి కౌన్సిలరు. ఆ లండన్‌లోనే 1934–35లో ముల్క్‌రాజ్ ఆనంద్, సజ్జాద్ జహీర్ మొదలైన భారతీయ యువకులు ఒక చైనా హోటల్లో కూర్చుని అభ్యుదయ రచయితల సంఘం ప్రణాళిక ముసాయిదా రాశారు. 1936లో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన లక్నోలో తొలి మహాసభ జరిగింది. 1943లో తెనాలిలో మన ఆంధ్ర శాఖ పుట్టింది. అంటే మన సాహిత్యోద్యమపు మూలాల్లో ఒకటి కూడా పరాయి నగరంలోని విద్యార్థి జీవితమే. మనం మన ప్రణాళికను చదువుకున్నాం గాని అది పుట్టిన వీధిలో అవతలి ఇంట్లో ఎవరున్నారో చూడలేదు.

5

ఆ ఇంట్లో ఏం జరిగింది? గదికోసం పుట్టిన సంఘం దేశాల కోసం మాట్లాడటం నేర్చుకుంది. 1935లో ముస్సోలినీ ఇథియోపియా మీద పడ్డప్పుడు అది ఆఫ్రికా అంతటి మీద దాడి అని విద్యార్థులు గుర్తించారు. 1941 ఆగస్టులో బ్రిటిష్ మంత్రి అట్లీ వాసు సభకు వచ్చి, స్వయం నిర్ణయాధికారాన్ని ప్రకటించిన అట్లాంటిక్ చార్టర్ అన్ని జాతులకూ వర్తిస్తుందన్నాడు. సెప్టెంబరులో చర్చిల్, అబ్బే, అది నాజీల కింద ఉన్న యూరపు దేశాల మాట అన్నాడు. తలుపు తీసి గది ఉందన్న మనిషే మళ్ళీ లేదనడం వాళ్ళకి బాగా పరిచయమున్న సంగతే. 1942లో వాసు వెంటనే అంతర్గత స్వపరిపాలన ఇవ్వాలని, యుద్ధం ముగిసిన అయిదేళ్ళలో పూర్తి స్వపరిపాలన కావాలని కోరింది. గది అడిగిన గొంతే ఇప్పుడు దేశం అడిగింది.

అయితే దారిపొడుగునా రాజీలూ ఉన్నాయి. కెన్యా నుంచి వచ్చి లండన్‌లో మానవశాస్త్రం చదివిన జోమో కెన్యాట్టా, 1935లో వచ్చిన ‘శాండర్స్ ఆఫ్ ది రివర్’ అనే సినిమాలో చిన్న వేషం వేశాడు. ఆఫ్రికన్లను అడవి మనుషులుగా, తెల్ల అధికారిని వాళ్ళ తండ్రిగా చూపిన సినిమా అది. కథానాయకుడు పాల్ రాబ్సన్ తర్వాత దాన్ని తన సినిమా కాదన్నాడు. చేతిలో డబ్బులేని విద్యార్థికి ఆ కూలి అవసరం. తనను అవమానించే కథకే కూలికి వేషం కట్టవలసి రావడం వలస మేధావి బతుకులోని అతి చేదు ఘట్టం. మూడేళ్ళ తర్వాత, 1938లో, అదే కెన్యాట్టా తన గికుయు జాతి జీవితాన్ని గురించి ‘ఫేసింగ్ మౌంట్ కెన్యా’ అనే పుస్తకం రాసి ఆ సినిమాకి జవాబు చెప్పాడని నేను అనుకుంటాను.

1945లో మరో విద్యార్థి లండన్ చేరాడు. పేరు క్వామె ఎన్‌క్రుమా. అప్పటికి పదేళ్ళు అమెరికాలో చదివాడు. ఆ పదేళ్ళూ ఎలా గడిచాయో 1957లో వచ్చిన ఆత్మకథలో చెప్పుకున్నాడు. హార్లెమ్ వీధుల్లో చేపలమ్మాడు, సబ్బుల ఫ్యాక్టరీలో మోశాడు, ఓడల్లో గిన్నెలు కడిగాడు, గడ్డకట్టే చలిలో నౌకా నిర్మాణశాలలో రాత్రి కూలి చేశాడు. గదికి డబ్బులేక న్యూయార్కు భూగర్భ రైలుకి ఒక్క టికెట్టు కొని ఆ చివరి నుంచి ఈ చివరికి తెల్లవార్లూ తిరుగుతూ నిద్రపోయాడు. బాల్టిమోర్ బస్సు స్టేషనులో మంచినీళ్ళడిగితే, నీ చోటు అదిగో అని ఉమ్మితొట్టి వైపు చూపించారు. లండన్‌లోనూ గదికోసం చాలా గుమ్మాలెక్కి దిగాక బర్గ్‌లీ రోడ్డులో ఒక ఇల్లు దొరికింది. ఆ ఇంటావిడ మంచిది. రెండేళ్ళ పైచిలుకు అతను ఆ ఇంట్లోనే ఉన్నాడు. అన్ని తలుపులూ మూసుకోలేదన్నది కూడా చరిత్రే. అతను వాసు ఉపాధ్యక్షుడయ్యాడు. పశ్చిమాఫ్రికా జాతీయ కార్యాలయం నడిపే గదిలో పొయ్యికి బొగ్గు చాలక, బండ్ల మీంచి రోడ్డున పడిన బొగ్గుపెళ్ళలు ఏరుకొచ్చేవాళ్ళు. ఆ పొయ్యి దగ్గర కూర్చుని స్వాతంత్ర్య ప్రణాళికలు రాశారు. 1945 అక్టోబరులో మాంచెస్టర్‌లో జరిగిన అయిదవ పాన్ ఆఫ్రికన్ మహాసభ నిర్వాహకుల్లో అతను ఒకడు. 1947లో గోల్డ్‌కోస్టు నాయకులు అతన్ని తమ పార్టీ కార్యదర్శిగా ఇంటికి రమ్మన్నారు. ఆ నాయకుల్లో ముఖ్యుడు జె.బి. డాంక్వా.

6

ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం మన సభల్లో చప్పట్లు కొట్టదగినట్టుగా ముగుస్తుంది. చరిత్ర ఇక్కడ ఆగలేదు.

తిరిగివెళ్ళిన ఎన్‌క్రుమా, డాంక్వా రెండేళ్ళలో విడిపోయారు. ఎన్‌క్రుమా ప్రజల్లోకి వెళ్ళాడు, గెలిచాడు, స్వాతంత్ర్యం తెచ్చాడు. అది సామాన్యమైన ఘనత కాదు. కాని 1958లో అతని ప్రభుత్వం విచారణ లేకుండా నిర్బంధించే చట్టం చేసింది. ఆ ప్రభుత్వం మీద కుట్రలు జరిగిన మాట నిజం, 1962లో అతని మీద బాంబు విసిరిన మాటా నిజం. కాని ఆ చట్టం కిందనే డాంక్వాని రెండుసార్లు ఖైదు చేశారు. 1965 ఫిబ్రవరిలో ఎన్‌సావమ్ జైలు గదిలో డాంక్వా చనిపోయాడు. ఏడాది తిరిగిన కొద్ది రోజులకే సైన్యం ఎన్‌క్రుమాను కూలదోసింది. అతను పరాయి దేశాల్లోనే తలదాచుకుని 1972లో కన్నుమూశాడు.

ఇద్దరూ వాసు మనుషులు. ఇద్దరూ లండన్ చలిలో చదువుకున్న నల్లవాళ్ళు. ఒకప్పుడు ఎవరూ గది ఇవ్వని మనిషి అధికారంలోకి వచ్చాక, ఒకప్పటి తన సంఘ సభ్యుడికి ఇచ్చిన గది అది. దీన్ని చూసి వలసవాదులు నవ్వుకోవచ్చు. విచారణ లేని నిర్బంధాన్ని ఆ వలసలకు నేర్పింది తామేనన్న సంగతి వాళ్ళు మరచిపోతారు. మనం నవ్వనూ కూడదు, దాచనూ కూడదు. పడ్డ అవమానం మనిషిని మేల్కొలపగలదు, అంతవరకే దాని శక్తి. మేలుకున్నవాడు ఎటు నడవాలో అవమానం చెప్పదు. సంఘం చెప్పాలి, విమర్శ చెప్పాలి. సంఘం మానేసిన రోజున, విమర్శించేవాడు జైల్లో ఉన్న రోజున, పాత అనుభవం పనికి రాదు. అనుభవమే సాహిత్యానికి ప్రమాణమనే మిత్రులు ఈ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించాలని కోరుతున్నాను.

మన సంగతికి వస్తాను. మా బడిలో పదో తరగతి చదివిన కుర్రాడొకడు డిగ్రీకి పట్నం వెళ్ళి గదికోసం వారం రోజులు తిరిగాడు. ప్రతి ఇంటావిడా మంచినీళ్ళిచ్చి, ‘మీరేవుట్లు బాబూ?’ అని అడిగేది. చెప్పగానే, ‘అయ్యో, మా చుట్టాలొస్తున్నారు, మర్చిపోయాను’ అనేది. చివరికి సంక్షేమ హాస్టల్లో చేరాడు. ఆ రోజు వాడు మా ఇంటికొచ్చి ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తు. చదువుకున్నాడు, ఉద్యోగం వచ్చింది, హైదరాబాదులో రెండంతస్తుల ఇల్లు కట్టాడు. మొన్న గృహప్రవేశానికి వెళితే పై వాటా ఖాళీగా ఉంది. ఆఫ్రికా కుర్రాళ్ళిద్దరు వచ్చి అడిగారట, కళాశాల గుర్తింపు కార్డులు కూడా చూపించారట. ‘లేదని పంపేశాను మాస్టారూ. నాకేం లేదుగాని చుట్టుపక్కల వాళ్ళు ఊరుకోరు’ అన్నాడు.

లండన్ ఇంటావిడ మాట హైదరాబాదులో, నా విద్యార్థి నోట, అక్షరం మారకుండా విన్నాను. ఇది ఒక్క కుర్రాడి తప్పని తోసెయ్యడానికి వీల్లేదు. 2016లో బెంగుళూరులో టాంజానియా విద్యార్థినిని గుంపు కొట్టి అవమానించింది. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో నరమాంస భక్షకులన్న వదంతి పుట్టించి నైజీరియా విద్యార్థుల మీద దాడి చేశారు. 1924 నాటి వెంబ్లీ అబద్ధం తొంభై మూడేళ్ళ తర్వాత మన నేల మీద, మన భాషల్లో మళ్ళీ పుట్టింది. చదువుకోసం మన పిల్లలు అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా వెళుతున్నారు. అక్కడ రంగు చూసి ఎవరైనా మాటంటే మన పత్రికలు పేజీలకు పేజీలు రాస్తాయి, రాయాల్సిందే. చదువుకోసం మన ఊరొచ్చిన పిల్లవాడి గురించి ఎన్ని కథలు రాశాం? తెలుగు కథలో ఆఫ్రికా విద్యార్థి ఎక్కడ కనిపిస్తాడు? మాదకద్రవ్యాల వార్తలో తప్ప మన అచ్చు అక్షరాల్లో అతనికి చోటెక్కడుంది?

నా విద్యార్థికి ఆ సాయంత్రం కామ్‌డెన్ రోడ్డు ఇంటి కథ చెప్పాను. లేగోస్‌లో, అక్రాలో పట్టిన జోలె సంగతి చెప్పాను. డాంక్వా సంగతి కూడా చెప్పాను. చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. ‘ఆ కుర్రాళ్ళ ఫోన్ నంబరు తీసుకోలేదు మాస్టారూ’ అన్నాడు. పై వాటా ఇంకా ఖాళీగానే ఉంది, బోర్డు గేటుకే ఉంది.